ఎక్కడ అని చెప్పే మూడు మాటలు: ఎట్, ఆన్, ఇన్

మనిషో వస్తువో ఎక్కడ ఉందో చెప్పడానికి ఇంగ్లీషులో నామవాచకానికి ముందు చేరే చిన్న మాటలను స్థలవాచక ప్రిపొజిషన్లు అంటారు. ‘అండర్’, ‘బిహైండ్’, ‘నియర్’, ‘బిట్వీన్’ లాంటివి చాలానే ఉన్నా వాడకంలో ముందుండేవి ‘ఎట్’, ‘ఆన్’, ‘ఇన్’. పేచీ కూడా వీటితోనే. ‘బిహైండ్’ అంటే వెనక అని తెలిస్తే చాలు, దానితో పని నడిచిపోతుంది. ఈ మూడింటికి మాత్రం అర్థాలు కంఠతా వచ్చినా ఫలానా చోట ఏది పెట్టాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. బార్బరా లాండౌ, రే జాకెన్‌డాఫ్ అనే పరిశోధకులు 1993లో అచ్చయిన వ్యాసంలో ఒక లెక్క చెప్పారు: ఇంగ్లీషులో వస్తువుల పేర్లు వేలకు వేలు ఉంటే, చోటు చెప్పే ప్రిపొజిషన్లు 80 నుంచి 100 దాకా మాత్రమే. ఇంత కొద్ది సరంజామాతో లోకంలో ఉన్న చోట్లన్నీ చెప్పాలంటే ఒక్కో మాట పది పనులు చెయ్యక తప్పదు.

చుక్క, తలం, ఆవరణ

రాండల్ఫ్ క్వర్క్, సిడ్నీ గ్రీన్‌బామ్, జెఫ్రీ లీచ్, యాన్ స్వార్ట్‌విక్ కలిసి 1985లో తెచ్చిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణం ఈ మూడింటినీ కొలతలను బట్టి విడదీసింది. చోటును పొడవూ వెడల్పూ లేని చుక్కగా చూస్తే ‘ఎట్’. గీతగానో తలంగానో చూస్తే ‘ఆన్’. హద్దులున్న ఆవరణగానో లోతున్న పాత్రగానో చూస్తే ‘ఇన్’. ఇక్కడ కీలకం ‘చూస్తే’ అన్న మాట. ఆ చోటు నిజంగా ఎలా ఉందన్నది కాదు, చెప్పేవాడు దాన్ని ఎలా తీసుకున్నాడన్నదే ఎంపికను తేలుస్తుంది. గడ్డి మీద కూర్చున్నా గడ్డిలో కూర్చున్నా గడ్డి అదే. పొట్టిగా కత్తిరించిన పచ్చిక అయితే ‘ఆన్ ద గ్రాస్’, మోకాళ్ళెత్తు పెరిగి మనిషిని కప్పేస్తే ‘ఇన్ ద గ్రాస్’.

సికింద్రాబాద్ స్టేషన్‌నే తీసుకోండి. ‘ఎట్ ద స్టేషన్ కలుద్దాం’ అంటే స్టేషన్ ఒక గుర్తు మాత్రమే. బయట ఆటోస్టాండు దగ్గర నిలబడినా, టికెట్ కౌంటర్ ముందు ఉన్నా మాట తప్పినట్టు కాదు. ‘ఇన్ ద స్టేషన్’ అంటే కప్పు కింద, భవనం లోపల. బయట వాన పడుతోందనో, లోపల జనం కిక్కిరిశారనో చెప్పబోతున్నప్పుడు ఈ మాట వస్తుంది. ప్లాట్‌ఫామ్ దగ్గరికి వచ్చేసరికి ‘ఆన్’. ఒకే మనిషి, ఒకే నిమిషంలో, ఈ మూడు చోట్లా ఉండొచ్చు.

మన దేశపు బడిపిల్లలకు దశాబ్దాలుగా తెలిసిన సూత్రం ఇంకొకటి ఉంది: పెద్ద ఊళ్ళకూ దేశాలకూ ‘ఇన్’, చిన్న ఊళ్ళకూ పల్లెలకూ ‘ఎట్’. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం దీన్ని ఇంటింటికీ చేర్చింది. సూత్రం పూర్తిగా తప్పు కాదు గానీ, కారణాన్ని తలకిందులు చేసి చెబుతుంది. ‘ఎట్’ రావడానికి ఊరి పరిమాణం కారణం కాదు. ఆ ఊరిని దూరం నుంచి చుక్కగా చూడడం కారణం. చిన్న ఊరు అలా కనిపించే అవకాశం ఎక్కువ, అంతే. రైలు ప్రయాణం చెబుతున్నప్పుడు లక్షల జనాభా ఉన్న విజయవాడ కూడా చుక్కే: బండి ‘ఎట్ విజయవాడ’ ఆగుతుంది. అదే ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి ‘ఇన్ విజయవాడ’ పుట్టాడు. పది గడపలున్న పల్లెలో కాపురం ఉన్నవాడు తన పల్లెకు ‘ఇన్’ వాడుకుంటే తప్పు పట్టాల్సిన పని లేదు.

మూడింటికీ తేడా ఒకేచోట కనిపించాలంటే క్రికెట్ చూడాలి. బ్యాటర్ ‘ఎట్ ద క్రీజ్’ ఉన్నాడంటే బ్యాటింగ్ చేస్తున్నాడని అర్థం. అతని కాళ్ళు సరిగ్గా ఎక్కడున్నాయో ఆ మాట చెప్పదు. స్పిన్నర్‌ని ఆడబోయి ముందుకొచ్చాడు, బంతి తగల్లేదు, కీపర్ బెయిల్స్ ఎగరగొట్టాడు. ఇప్పుడు థర్డ్ అంపైర్ తెర మీద వెతికేది వేరు: బ్యాటర్ ‘ఇన్ హిజ్ క్రీజ్’ ఉన్నాడా, బయట ఉన్నాడా. బొమ్మ ఆపి పెద్దది చేస్తే బూటు కొన తెల్ల గీత మీద ఆగి ఉంది, ‘ఆన్ ద లైన్’. అంటే ఔట్. క్రికెట్ నియమాల ప్రకారం పాపింగ్ క్రీజ్ అంటే ఆ సున్నపు గీతకు వెనక అంచు. పాదమో బ్యాటో దానికి వెనక నేలను తాకాలి. గీతను తాకితే సరిపోదు. ‘ఎట్’ ఆట స్థితిని చెబితే, ‘ఇన్’ హద్దును చెప్పింది, ‘ఆన్’ తాకిడిని చెప్పింది. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాళ్ళు కామెంటరీలో ఈ మూడూ రోజూ వింటూనే ఉంటారు, వ్యాకరణం అనుకోకుండా.

తెలుగు ‘లో’ ఎంత దూరం వెళ్తుంది

తెలుగులో ఈ పని చేసేవి పేరుకు వెనక చేరతాయి: ఇంట్లో, బల్ల మీద, గుడి దగ్గర. ఇది తెలుగుకు మాత్రమే ఉన్న వింత కాదు. క్రియ వాక్యం చివర వచ్చే భాషల్లో ఇలాంటి మాటలు పేరుకు వెనక రావడమే దాదాపు రివాజని జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో అనేక భాషలను పోల్చి చూపించాడు. తమిళం, కన్నడం, హిందీ, జపనీస్, టర్కిష్ అన్నీ ఈ బాటలోనివే. మన విభక్తుల పట్టికలో చోటును చెప్పే సప్తమికి ‘అందు’, ‘న’ ఇచ్చి, నిత్యం నోట్లో నానే ‘లో’ను షష్ఠిలో పెట్టడం బడిలో వల్లె వేసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పట్టిక ఏమన్నా, వ్యవహారంలో చోటంటే ముందు వచ్చేది ‘లో’నే.

చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. ‘లో’ రాజ్యం ‘ఇన్’ రాజ్యం కంటే పెద్దది. బస్సులో, మూడో అంతస్తులో, పదో పేజీలో, జాబితాలో, టీవీలో, ఫోన్లో: వీటన్నిటికీ తెలుగు ‘లో’ అంటుంది, ఇంగ్లీషు ‘ఆన్’ అంటుంది. తెలుగువాళ్ళు ‘ఇన్ ద థర్డ్ ఫ్లోర్’ అనడానికి మూలం ఇదే. అంతస్తు మనకు గదులున్న ఆవరణ. ఇంగ్లీషువాడికి కాళ్ళ కింది నేల. పేజీ మనకు విషయాన్ని నింపుకున్న చోటు. వాళ్ళకు అక్షరాలు అచ్చుపడ్డ కాగితపు తలం. రెండు చూపులూ సబబైనవే, ఒక్క భాషలో రెండూ చెల్లవు.

ఇంకా ముచ్చటైన తేడా చెట్టు దగ్గర కనిపిస్తుంది. మనకు పిట్ట చెట్టు మీద ఉంటుంది, కాయ చెట్టుకు ఉంటుంది. ఇంగ్లీషులో పిట్ట ‘ఇన్ ద ట్రీ’, కాయ ‘ఆన్ ద ట్రీ’. ఆకులూ కొమ్మలూ కలిసి ఒక ఆవరణ అనుకుంటే పిట్ట దాని లోపల వాలింది. కాయ కొమ్మను అంటిపెట్టుకుని ఉంది కాబట్టి తాకిడిని చెప్పే ‘ఆన్’. మనం పిట్టకు ‘మీద’ అనడం కొమ్మ దాన్ని మోస్తున్నందుకు. కాయకు ‘కి’ అనడం అది చెట్టును పట్టుకుని ఉన్నందుకు. గోడకి బొమ్మ, వేలికి ఉంగరం, చొక్కాకి గుండీ, కాలికి చెప్పు అన్నీ ఈ ‘కి’ కిందివే. ఇంగ్లీషు వీటన్నిటినీ బల్ల మీది పుస్తకంతో కలిపి ‘ఆన్’లో వేసేసింది. ఈ విషయంలో తెలుగుకు దగ్గరి చుట్టం జర్మన్: గోడకున్న బొమ్మకు ‘ఆన్’, బల్ల మీది పుస్తకానికి ‘అవుఫ్’ అని అక్కడ వేర్వేరు మాటలు. జర్మన్ ‘ఆన్’, ఇంగ్లీషు ‘ఆన్’ చెవికి ఒకటే గానీ పనులు వేరు. స్పానిష్ ఇందుకు పూర్తిగా ఎదురు. ‘ఎన్’ అనే ఒక్క మాటతో లోపలినీ మీదినీ నెట్టుకొస్తుంది.

భాషలు చోటును ఎన్ని రకాలుగా కోసుకుంటాయో చూడడానికి మెలిస్సా బోవర్మన్, ఎరిక్ పెడర్సన్ 1990ల మొదట్లో 71 బొమ్మల వరుస ఒకటి తయారుచేశారు. బల్ల మీద కప్పు, వేలికి ఉంగరం, గిన్నెలో పండు లాంటి బొమ్మలు చూపించి ‘ఇది ఎక్కడుంది’ అని అడగడమే పద్ధతి. నెదర్లాండ్స్‌లోని నైమెఖన్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థ పరిశోధకులు దీన్ని లోకంలోని రకరకాల భాషల మీద ప్రయోగించారు. అంతకుముందు 1991లో సూన్‌జా చోయ్, బోవర్మన్ కలిసి కొరియన్ పిల్లల మీద రాసిన వ్యాసం చాలామంది నమ్మకాన్ని కదిలించింది. కొరియన్‌లో ‘కిద’ అనే క్రియ బిగుతుగా అమరడాన్ని చెబుతుంది. వేలికి ఉంగరం తొడిగినా, డబ్బాలో క్యాసెట్ పెట్టినా అదే మాట. ఇంగ్లీషులో మొదటిది ‘ఆన్’, రెండోది ‘ఇన్’. రెండేళ్ళు నిండకముందే కొరియన్ పిల్లలు కొరియన్ పద్ధతిలోనూ, ఇంగ్లీషు పిల్లలు ఇంగ్లీషు పద్ధతిలోనూ విడదీస్తున్నారు. లోపల, మీద అనే భావాలు పుట్టుకతోనే సిద్ధంగా ఉంటాయనీ, పిల్లలు వాటికి పేర్లు తగిలిస్తారనీ అనుకున్నవాళ్ళు మళ్ళీ ఆలోచించాల్సి వచ్చింది.

తెలుగువాళ్ళకు అసలు కష్టం ‘ఇన్’తో కాదు, ‘ఎట్’తో అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ‘ఇన్’కు ‘లో’, ‘ఆన్’కు ‘మీద’ కొంత దూరమైనా తోడొస్తాయి. ‘ఎట్’కు తోడే లేదు. ‘దగ్గర’ అంటే చేరీ చేరనట్టుంటుంది, ‘లో’ అంటే మరీ లోపలికి పోతుంది. ‘హి ఈజ్ ఎట్ స్కూల్’ అన్నదాన్ని ‘బడిలో ఉన్నాడు’ అంటాం. ‘ఎట్ ద డోర్’ను ‘గుమ్మం దగ్గర’ అంటాం. ‘ఎట్ ద వెడ్డింగ్’ను ‘పెళ్ళిలో’ అంటాం. ‘ఎట్ నైట్’ను ‘రాత్రి’ అని వదిలేస్తాం. నాలుగు చోట్లకు మూడు దారులు. బాగా చదువుకున్నవాళ్ళ రాతలో కూడా ‘ఎట్’ ఉండాల్సిన చోట ‘ఇన్’ దూరేది అందుకే.

వాహనాలు, వీధులు, ఏళ్ళు

చూపును బట్టి ఎంపిక అన్నంత మాత్రాన ప్రతిసారీ మనిష్టం కాదు. కొన్ని చూపులు ఏనాడో గడ్డకట్టి వాడుకగా మారాయి. వాహనాలు అలాంటివే. బస్సు, రైలు, ఓడ, విమానం ‘ఆన్’ తీసుకుంటాయి. కారు, ట్యాక్సీ, ఆటో ‘ఇన్’ తీసుకుంటాయి. లేచి నడవడానికి వీలుంటే ‘ఆన్’, ఒంగి దూరి కూర్చోవాల్సి వస్తే ‘ఇన్’ అన్న కొండగుర్తు చాలావరకు పనిచేస్తుంది. ఓడకు ‘ఆన్’, చిన్న పడవకు ‘ఇన్’ రావడాన్ని కూడా ఇది వివరిస్తుంది. సైకిలు, మోటారు సైకిలు, గుర్రం ‘ఆన్’ కావడంలో వింతేమీ లేదు. మనమూ బండి మీదే వెళ్తాం. పాతతరం వాళ్ళ నోట ‘రైలు మీద వచ్చాడు’ అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది కాబట్టి ‘ఆన్ ద ట్రెయిన్’ను చూసి మరీ ఆశ్చర్యపోనక్కర్లేదు. బస్సు టాపు మీద అని చెప్పాల్సి వస్తే ‘ఆన్ టాప్ ఆఫ్ ద బస్’ అనాలి.

‘ఇన్ ఫ్రంట్ ఆఫ్ ద బస్’, ‘ఇన్ ద ఫ్రంట్ ఆఫ్ ద బస్’ మధ్య తేడా ‘ద’ అనే ఒక్క చిన్న ముక్క. మొదటివాడు బస్సుకు ఎదురుగా రోడ్డు మీద ఉన్నాడు, రెండోవాడు డ్రైవర్ వెనక సీట్లో హాయిగా కూర్చున్నాడు.

వీధుల విషయంలో ఇంగ్లీషుకే ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్‌లో ఇల్లు ‘ఇన్’ ఫలానా వీధి, అమెరికాలో ‘ఆన్’ ఫలానా వీధి. ఇంటి నంబరు చేరగానే ఇద్దరూ ‘ఎట్’కు వస్తారు: బ్రిటన్ ప్రధాని నివాసం ‘ఇన్’ డౌనింగ్ స్ట్రీట్, ‘ఎట్’ 10 డౌనింగ్ స్ట్రీట్. జబ్బుచేసి చేరినవాడు బ్రిటన్‌లో ‘ఇన్ హాస్పిటల్’, అమెరికాలో ‘ఇన్ ద హాస్పిటల్’. మన పాఠ్యపుస్తకాలు బ్రిటన్ బాటలో నడిస్తే, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ మనవాళ్ళ పిల్లలు అమెరికా పద్ధతిలో మాట్లాడతారు. సెలవులకు వచ్చిన మనవడి ఇంగ్లీషును తాతగారు దిద్దబోయే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నది ఒడ్డున ఉన్న ఊరికి ‘ఆన్’ వస్తుంది. లండన్ ‘ఆన్ ద థేమ్స్’, రాజమహేంద్రవరం ‘ఆన్ ద గోదావరి’. ఇక్కడ నది ఒక గీత, ఊరు ఆ గీతను ఆనుకుని ఉంది. ఒడ్డు అనే మాట వేరే చెప్పనక్కర్లేదు. మన పిల్లలు ‘ఆన్ ద బ్యాంక్స్ ఆఫ్’ అని సాగదీసి రాయడం తప్పు కాకపోయినా అవసరం లేదు. స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్, న్యూకాసిల్ అపాన్ టైన్ లాంటి ఊళ్ళ పేర్లలో ఇదే వాడుక నిలిచిపోయింది. ద్వీపాన్ని నేలగా చూస్తే ‘ఆన్’, దేశంగా చూస్తే ‘ఇన్’. అందుకే శ్రీలంకకు ‘ఇన్’. చంద్రుడికి ‘ఆన్’, ఆకాశానికి ‘ఇన్’.

పాత ఇంగ్లీషు సంగతి

ఈ మూడింటి సరిహద్దులు ఎప్పుడూ ఇలాగే లేవు. వెయ్యేళ్ళ కిందటి వెస్ట్ శాక్సన్ మాండలికంలో ఇప్పటి ‘ఇన్’ పనిని కూడా చాలావరకు ‘ఆన్’ చేసేది. ఆ జాడలు ఇంగ్లీషులో ఇప్పటికీ ఉన్నాయి: ‘అలైవ్’ అంటే మొదట ‘ఆన్ లైఫ్’, ‘అస్లీప్’ అంటే ‘ఆన్ స్లీప్’, ‘అవే’ అంటే ‘ఆన్ వే’. మాట ముందున్న ఆ ‘అ’ అరిగిపోయిన ‘ఆన్’. ‘ఎమాంగ్’ కూడా గుంపులో అన్న అర్థంలో ‘ఆన్’తోనే మొదలైంది. ‘బిసైడ్’లో పక్క ఉంది, ‘బిట్వీన్’లో రెండు అనే సంఖ్య ఉంది. పేర్లే అరిగి ఇలాంటి మాటలుగా మారడం మనకూ తెలిసిందే. ‘పక్క’, ‘ముందు’, ‘నడుమ’ ఇప్పటికీ నామవాచకాలుగా కూడా చెలామణీ అవుతున్నాయి.

పాత ఇంగ్లీషుకు విభక్తి ప్రత్యయాలు ఉండేవి. ఒకే ప్రిపొజిషన్ తర్వాత పేరు ఒక విభక్తిలో ఉంటే ‘లో’ అనీ, మరో విభక్తిలో ఉంటే ‘లోకి’ అనీ అర్థమయ్యేది. ప్రత్యయాలు రాలిపోయాక ఆ బరువు కూడా ప్రిపొజిషన్ల మీదే పడింది, ‘ఇన్‌టూ’, ‘ఆన్‌టూ’ల అవసరం పెరిగింది. ఈ కదలికల విషయంలో మాత్రం తెలుగు, ఇంగ్లీషు అచ్చంగా ఒకదానికొకటి అద్దం పడతాయి. ఇన్, ఇన్‌టూ, అవుటాఫ్ ఎలాగో లో, లోకి, లోంచి అలాగ. ఆన్, ఆన్‌టూ, ఆఫ్ ఎలాగో మీద, మీదికి, మీంచి అలాగ. ‘ఎట్’కు కదలిక రూపం ‘టూ’, మన ‘కి’. కానీ ‘బంతి అతనికి విసిరాడు’ అంటే ‘టూ’, ‘అతని మీదికి విసిరాడు’ అంటే ‘ఎట్’. ‘హోమ్’కు కదలికలో ఏదీ అక్కర్లేదు, ‘గో హోమ్’ చాలు. మనం మాత్రం ఇంటికి అన్న ‘కి’ని వదల్లేక ‘గో టు హోమ్’ అంటాం.

వాక్యం చివర ప్రిపొజిషన్ మిగిలిపోవడాన్ని 1672లో కవి జాన్ డ్రైడన్ తప్పుపట్టాడు. తర్వాతి వ్యాకర్తలు ఆ మాట పట్టుకుని వేలాడారు గానీ జనం వినలేదు. తెలుగువాళ్ళ ఇబ్బంది దీనికి తిరగేసినట్టుంటుంది. ‘నేను ఉంటున్న ఇల్లు’, ‘కూర్చోడానికి కుర్చీ’ అన్నప్పుడు మన భాషలో ‘లో’, ‘మీద’ మాయమైపోతాయి. అందుకని ‘ద హౌస్ ఐ లివ్ ఇన్’, ‘ఎ చెయిర్ టు సిట్ ఆన్’లలో చివరి ముక్కను మింగేస్తాం. చివర ప్రిపొజిషన్ ఉండకూడదని నేర్పిన మాస్టార్లు ఈ అలవాటుకు తెలియకుండానే ఊతమిచ్చారు.

పాత్ర మోయగలదా

చుక్క, తలం, ఆవరణ అన్న లెక్క ఎక్కడ విఫలమవుతుందో 1980ల నుంచి పరిశోధకులు వెతికారు. అనెట్ హెర్‌స్కొవిట్స్ 1986లో, ఫ్రెంచి ప్రిపొజిషన్ల మీద క్లోద్ వాండలూజ్ అదే ఏడు పుస్తకాలు తెచ్చారు. పూలకుండీలో నీళ్ళు ‘ఇన్’, కుండీ గోడలో పగులు కూడా ‘ఇన్’. రెండూ ఒకే రకంగా లోపల లేవు. గిన్నెలో మామిడిపళ్ళు అంచు దాటి గుట్టగా పేర్చారనుకోండి. అన్నిటికన్నా పైనున్న పండు గిన్నె అంచుకు జానెడు ఎత్తున ఉంది. కొలతల ప్రకారం లోపల లేనే లేదు. అయినా అది ‘ఇన్ ద బౌల్’. గిన్నె ఎత్తి పక్కన పెడితే పండూ కదులుతుంది, అదే కారణం. అదే పండును దారం కట్టి పైనుంచి అదే ఎత్తున వేలాడదీస్తే ‘ఇన్’ అనడానికి మనసొప్పదు. గిన్నెను పండు మీద బోర్లిస్తే పండు పూర్తిగా మూతపడుతుంది, కానీ అప్పుడు ‘అండర్’. ఎంత చుట్టుముట్టిందన్నదే కాదు, ఏది దేన్ని మోసి పట్టి ఉంచుతోందన్నదీ లెక్కలోకి వస్తుంది. కెన్నీ కోవెంట్రీ, సైమన్ గారడ్ 2004 నాటి పుస్తకంలో ఈ వాదాన్ని ప్రయోగాలతో బలపరిచారు.

‘ఓవర్’, ‘ఎబవ్’ తేడా కూడా ఇలాంటిదే. ఏటవాలు వానలో గొడుగును వాన వచ్చే వైపు వంచి పట్టుకుంటే అది నెత్తికి నిట్టనిలువుగా పైన ఉండదు. తడవకుండా కాస్తోంది కాబట్టి ‘ఓవర్’ చెల్లుతుంది. ‘ఎబవ్’ ఎత్తును మాత్రమే చూస్తుంది, పనిని అంతగా పట్టించుకోదు. ఇద్దరికైతే ‘బిట్వీన్’, ముగ్గురూ ఆపైన ఉంటే ‘ఎమాంగ్’ అన్న బడి సూత్రాన్ని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువే ఒప్పుకోదు. విడివిడిగా లెక్కించదగ్గ వాటి మధ్య ఎన్నున్నా ‘బిట్వీన్’ రావచ్చు.

తెర మీది చోట్లు

1971లో రే టామ్లిన్‌సన్ ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి సందేశం పంపే ఏర్పాటు చేస్తూ, మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య పెట్టడానికి దుకాణాల చిట్టాల్లో ధరలకు ముందు వేసే ‘ఎట్’ గుర్తును ఎంచుకున్నాడు. ఫలానా మనిషి ఫలానా యంత్రం దగ్గర ఉన్నాడని చెప్పడం ఉద్దేశం. ఆ యంత్రం లోపల ఏముందో, ఎంత పెద్దదో పంపేవాడికి అక్కర్లేదు. చిరునామాకు చుక్క చాలు.

ఆ తర్వాత వచ్చినవన్నీ రేడియో, టీవీల దారే పట్టాయి: ‘ఆన్ ది ఇంటర్నెట్’, ‘ఆన్ ఫేస్‌బుక్’, ‘ఆన్ వాట్సాప్’. వార్తాపత్రికకూ పుస్తకానికీ ఉన్న ‘ఇన్’ వీటికి రాలేదు. కానీ వాట్సాప్‌లో ఒక గ్రూపు తెరిస్తే మళ్ళీ సభ్యులకు హద్దు ఏర్పడుతుంది కాబట్టి ‘ఇన్ ద గ్రూప్’. ఈమెయిల్ పంపే మార్గం అయితే ‘బై ఈమెయిల్’, అందులో రాసిన విషయం అయితే ‘ఇన్ ది ఈమెయిల్’. ఎక్కడో సర్వర్లలో దాచిన ఫైళ్ళకు క్లౌడ్ అని పేరు పెట్టాక, ఆకాశంలో మబ్బుకు వచ్చే ‘ఇన్’ దానికీ వచ్చింది: ‘ఇన్ ద క్లౌడ్’. మన యువత వీటన్నిటికీ ‘లో’ ఒక్కటే వాడుతోంది, ఫేస్‌బుక్‌లో, గ్రూపులో, మెయిల్లో, క్లౌడ్‌లో.